రోహిణి కార్తెలో నిలబడే ప్రాసెసర్

ప్రశ్న: అన్నా, మాది పరకాల దగ్గర ఊరు. హనుమకొండ నయీంనగర్‌లో ఒక ఇంటి పైన స్లాబు గది అద్దెకు తీసుకొని బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈసారి పత్తి అమ్మిన డబ్బులో నాన్న 90 వేలు చేతిలో పెట్టి, మంచి కంప్యూటర్ కొనుక్కోమన్నారు. పగలు ప్రోగ్రామింగ్, రాత్రి గేములు. వాలరెంట్ ఎక్కువగా ఆడతాను, అప్పుడప్పుడు జీటీఏ 5, సెలవుల్లో సైబర్‌పంక్ లాంటి బరువైన గేములు. మానిటర్ మేనమామ ఇచ్చాడు, 1080పీ, 144 హెర్ట్జ్. దుకాణంలో రాసిచ్చిన చీటీ ఇది: కోర్ ఐ5-14600కేఎఫ్ ప్రాసెసర్, బీ760 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్కు, లిక్విడ్ కూలర్, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 600 వీఏ యూపీఎస్. ఓవర్‌క్లాక్ చేసుకుంటే ఐదేళ్ల దాకా తిరుగుండదని దుకాణంలో అన్నారు. కాలిపోతుందని నా స్నేహితుడు భయపెడుతున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: తమ్ముడూ, అడ్వాన్సు ఇంకా కట్టలేదనే అనుకుంటున్నాను. కట్టకుంటే ఆ చీటీని పక్కన పెట్టు. అందులో ఉన్నవేవీ చెడ్డ వస్తువులు కావు. ఒకదానికొకటి పొసగనివి, నీ గదికి అసలే పొసగనివి.

ముందు నీ కంటికి కనిపించకుండా దాటిపోయిన సంగతి చెబుతాను. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'కే' ఉంటే దాని గుణకానికి తాళం లేదని అర్థం. మదర్‌బోర్డు 100 మెగాహెర్ట్జ్ మూల వేగం ఇస్తుంది, ప్రాసెసర్ దాన్ని 45తో గుణిస్తే 4500 అవుతుంది, అంటే 4.5 గిగాహెర్ట్జ్. ఆ 45ను 46 చేయడం, 47 చేయడమే ఓవర్‌క్లాకింగ్. అయితే ఇంటెల్‌లో ఆ పని చేయాలంటే ప్రాసెసర్‌కు 'కే' ఉంటే చాలదు, మదర్‌బోర్డు 'జడ్' వరుసది కావాలి: జడ్690, జడ్790 లాంటివి. బీ760 బోర్డు ర్యామ్ వేగం పెంచనిస్తుంది కానీ ప్రాసెసర్ గుణకాన్ని ముట్టుకోనివ్వదు. అంటే ఓవర్‌క్లాకింగ్ పేరు చెప్పి నీకు రాసిచ్చిన జతలో ఓవర్‌క్లాకింగే కుదరదు. ఎడ్లు లేని బండికి కాడి బేరమాడినట్టుంది. కావాలని రాశారని నేను అనను, చూసుకోకుండా రాసి ఉండవచ్చు. కానీ డబ్బు మాత్రం మీ నాన్నది.

'ఎఫ్' అనే అక్షరానికి అర్థం వేరు. ఆ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడైనా చెడిపోయి సర్వీసుకు పంపితే, అది తిరిగివచ్చే దాకా తెర వెలగదు. కార్డు లేని రోజుల్లోనూ ప్రోగ్రామింగ్ చేసుకోవలసిన విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు.

ఓవర్‌క్లాకింగ్‌కు ఇంత పేరు ఎందుకొచ్చిందో కూడా తెలుసుకో, అప్పుడు నా మాట మీద నమ్మకం కుదురుతుంది. 1998లో సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్ వచ్చింది. మదర్‌బోర్డు వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450తో పరుగెత్తేది. ఏకంగా సగం వేగం ఉచితం! 2011లో వచ్చిన కోర్ ఐ5-2500కే 3.3 గిగాహెర్ట్జ్ మూల వేగంతో వచ్చి, మంచి కూలర్ పెడితే 4.5 దాకా హాయిగా వెళ్లేది. ఆ రోజుల్లో తయారీదారులు చాలా వేగాన్ని వాడకుండా మిగిల్చి అమ్మేవారు. తెలిసినవాడు దాన్ని తీసుకునేవాడు.

ఇప్పుడు అలా మిగల్చడం లేదు. నేటి ప్రాసెసర్ తన వేడిని, తాను లాగే విద్యుత్తును ప్రతి క్షణం తానే కొలుచుకుంటుంది. వీలున్నంత మేరకు తానే వేగం పెంచుకుంటుంది, వేడెక్కితే తానే తగ్గించుకుంటుంది. పెట్టె మీద 'బూస్ట్' అని రాసే అంకె అదే. అంటే కంపెనీయే ఓవర్‌క్లాక్ చేసి అమ్ముతోందని అనుకో. మనకు మిగిలేది మహా అయితే ఒకటి రెండు వందల మెగాహెర్ట్జ్. దానికి పెట్టే ఖర్చు మాత్రం పాత రోజుల కంటే ఎక్కువ: ఖరీదైన బోర్డు, ఖరీదైన కూలర్, పెద్ద ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె).

ఇక అసలు విషయానికి వస్తాను. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట 'ఇంటి పైన స్లాబు గది'. నయీంనగర్‌లో అలాంటి గదులు నాకు తెలుసు. పగలంతా ఎండకు కాలిన స్లాబు రాత్రి పది దాటినా వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. వరంగల్‌లో మే నెలలో ఎండ 42, 43 డిగ్రీలు దాటడం వింత కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. నువ్వు గేము ఆడేది సరిగ్గా ఆ గదిలో, ఆ వేళలోనే.

యూట్యూబ్‌లో చూసే పరీక్షలు చాలావరకు ఇరవై, ఇరవై ఐదు డిగ్రీల గదుల్లో చేసినవి. కూలర్ ఏదైనా, గాలిది గానీ నీళ్లది గానీ, ప్రాసెసర్‌ను గది వేడి కంటే చల్లగా ఉంచలేదు. గది వేడి మీద ఇన్ని డిగ్రీలు అదనం అన్నదే దాని లెక్క. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక ప్రాసెసర్ గట్టిగా పనిచేసేటప్పుడు గది వేడి కంటే 50 డిగ్రీలు ఎక్కువ ఉంటుందనుకుందాం. 24 డిగ్రీల గదిలో అది 74. నీ గదిలో మే నెల రాత్రి 39 ఉంటే అదే ప్రాసెసర్ 89. ఏ మార్పూ చేయకుండానే.

ఇప్పుడు దాన్ని ఓవర్‌క్లాక్ చేద్దాం. ప్రాసెసర్ పుట్టించే వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గంగా పెరుగుతుంది. 4.4 గిగాహెర్ట్జ్ నుంచి 4.7కు పెంచామనుకో, అది ఏడు శాతం. ఆ వేగం నిలబడడానికి వోల్టేజీని 1.20 నుంచి 1.35కు పెంచవలసి వచ్చిందనుకో. లెక్క కట్టు: వేడి సుమారు 35 శాతం పెరుగుతుంది. 50 డిగ్రీల అదనం కాస్తా 67 అవుతుంది. జనవరిలో 22 డిగ్రీల గదిలో అది 89, పరీక్ష పాసవుతుంది, స్నేహితులకు ఫొటో పంపుకుంటాం. మే నెలలో 39కి 67 కలిపితే 106. ఆ వేడి దాకా ఏ ప్రాసెసరూ వెళ్లదు, ముందే వేగం తగ్గించుకుంటుంది. ఏ వేగం కోసం ఇంత చేశామో ఆ వేగమే పోతుంది. లేదా మధ్యలో ఆగిపోతుంది.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. పైన చెప్పిన 2500కే ప్రాసెసర్‌ను ఒక సంక్రాంతి సెలవుల్లో 4.5 దాకా తీసుకువెళ్లాను. రాత్రంతా పరీక్ష నడిపాను, ఒక్క తప్పు రాలేదు. ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నం మా బంధువుల పెళ్లి వీడియో ఎడిట్ చేస్తుండగా తెర నీలంగా మారి యంత్రం ఆగింది. తిరిగి వెలిగించాను, అప్పగింతల దగ్గర మళ్లీ ఆగింది. మూడోసారి ఆ ప్రాజెక్టు ఫైలే తెరుచుకోలేదు. ఆరు గంటల పని పోయింది. ప్రాసెసర్‌లో లోపం లేదు, చలికాలపు కొలతలను ఎండాకాలానికి మోసుకొచ్చింది నేను. వేగాన్ని మామూలు స్థితికి తెచ్చాక అదే యంత్రం ఏళ్ల తరబడి పనిచేసింది.

నీ స్నేహితుడు అన్న 'కాలిపోతుంది' కూడా పూర్తి నిజం కాదు. వేడి హద్దు దాటితే నేటి ప్రాసెసర్లు తమంతట తామే ఆగిపోతాయి, మంటలు లేవవు. అసలు నష్టం మెల్లగా జరుగుతుంది, అది వోల్టేజీ వల్ల. ఎక్కువ వోల్టేజీ ఏళ్ల తరబడి ఉంటే ట్రాన్సిస్టర్లు అరుగుతాయి. మొదట్లో 1.30 దగ్గర నిలిచిన వేగానికి తర్వాత 1.33 కావలసి వస్తుంది. దీనికి పెద్ద ఉదాహరణ దూరాన లేదు, నీ చీటీలోనే ఉంది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని చెప్పాపెట్టకుండా ఆగిపోతున్నాయని పెద్ద గొడవ అయింది. అవి తమకు కావలసిన దానికంటే ఎక్కువ వోల్టేజీ అడుగుతున్నాయని కంపెనీయే ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల) సవరణ విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. 14600కేఎఫ్ ఆ జాబితాలో ఉంది. ఇప్పుడు కొనే బోర్డులో కొత్త బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) ఉంటే భయం లేదు. కానీ ఎవరూ చేయి పెట్టకుండానే కాస్త ఎక్కువ వోల్టేజీ అంత పని చేసిందంటే, మనం కావాలని పెంచే ముందు ఒకసారి ఆగాలి.

సరే, మరి ఏది కొనాలి? నీ గేములు ప్రాసెసర్‌ను ఏ మేరకు అడుగుతాయో దాన్నిబట్టి చెబుతాను. వాలరెంట్‌కు గ్రాఫిక్స్ కార్డు మీద భారం తక్కువ, ప్రాసెసర్ మీద ఎక్కువ. 144 హెర్ట్జ్ మానిటర్‌కు ఒక్కో ఫ్రేము, అంటే తెర మీది ఒక్కో బొమ్మ, 7 మిల్లీసెకన్లలోపు తయారు కావాలి. ఇవాళ్టి మంచి ఆరు కోర్ల (లోపల విడిగా పనిచేసే భాగాలు ఆరున్న) ప్రాసెసర్ ఏదైనా ఆ పని సులువుగా చేస్తుంది. సైబర్‌పంక్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, దాని భారం ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీదే. అక్కడ ఆర్‌టీఎక్స్ 3050 చేతులెత్తేస్తే, పక్కన పద్నాలుగు కోర్ల ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటుంది. నీ చీటీలోని పెద్ద తప్పు నా దృష్టిలో ఇదే. ఖర్చంతా ప్రాసెసర్ మీదా దాని ఆర్భాటం మీదా పెట్టి, గేమును నిజంగా నడిపే కార్డుకు మిగిలినంత మిగిల్చారు.

ఇది నువ్వే చూసి తెలుసుకోవచ్చు. స్నేహితుడి కంప్యూటర్‌లో గేము నడిపి, సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించు. ఫ్రేముల సంఖ్య ఒక్కసారిగా పెరిగితే అప్పటిదాకా అడ్డుపడింది గ్రాఫిక్స్ కార్డు. కదలకుండా అక్కడే ఉంటే అడ్డు ప్రాసెసర్‌ది. ఏ దుకాణదారుడి మాట కంటే ఈ రెండు నిమిషాల పరీక్ష నమ్మదగ్గది.

నేనైతే నీకు ఏఎండీ రైజెన్ 5 7600 చెబుతాను. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 5.1 గిగాహెర్ట్జ్ దాకా తానే వెళుతుంది. పేరుకు 65 వాట్లు, గట్టిగా పనిచేసినప్పుడు 88 వాట్ల దగ్గర ఆగుతుంది. 14600కేఎఫ్‌కు ఆ అంకె 181. నీ గదిలో ఆ తేడా అంటే ప్రాసెసర్ వేడి ఒక్కటే కాదు, ఆ వాట్లన్నీ చివరికి గదిలోకే వస్తాయి, నీ ఒంటికే తగులుతాయి. 7600లో సొంత గ్రాఫిక్స్ ఉంది, పెట్టెలోనే చిన్న కూలర్ వస్తుంది. దీని సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, ఏఎం5. కనీసం 2027 దాకా ఈ సాకెట్‌కు కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ చెప్పింది. అంటే నువ్వు ఉద్యోగంలో చేరాక అదే బోర్డులో మరింత బలమైనది పెట్టుకోవచ్చు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌కు ఇక ముందుకు దారి లేదు. బోర్డు బీ650 తీసుకో. ఏ620 చవక, కానీ అందులో ప్రాసెసర్ సెట్టింగులు మార్చే స్వేచ్ఛ ఉండదు. ఆ స్వేచ్ఛ నీకు ఎందుకు కావాలో కింద చెబుతాను.

ఏఎం5కు డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరేది పట్టదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా మండిపోయాయి. లెక్క 90 వేలు దాటిపోతే దిగులుపడకు. రైజెన్ 5 5600, బీ550 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ తీసుకున్నా నీ మానిటర్‌కు ఏ లోటూ రాదు. కోర్ ఐ5-12400ఎఫ్ కూడా చల్లని, నమ్మకమైన ప్రాసెసరే. ముందు తరానికి దారి ఉండదు, ఈ రెండు ప్రాసెసర్లలోనూ సొంత గ్రాఫిక్స్ ఉండదు, అదే తేడా. పేరు చివర 'ఎక్స్3డీ' ఉన్న రైజెన్లు గేములకు అద్భుతమైనవి. వాటిలో ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన ఎల్3 క్యాష్ మెమరీని అదనంగా పేర్చి, 7800ఎక్స్3డీలో దాన్ని 96 ఎంబీ చేశారు. కానీ మీ నాన్న ఇచ్చిన మొత్తంలో దాన్ని కొంటే మళ్లీ గ్రాఫిక్స్ కార్డే చిక్కిపోతుంది. దాన్ని తర్వాతికి ఉంచుకో.

లిక్విడ్ కూలర్, 'కే' ప్రాసెసర్ మానేస్తే మిగిలే డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకు మళ్లించు. ఆర్‌టీఎక్స్ 5060 గానీ దానికి సాటి వచ్చే ఏఎండీ రేడియాన్ కార్డు గానీ చూడు. మొత్తం ఖర్చులో మూడో వంతు, ఇంకాస్త ఎక్కువైనా సరే, కార్డుకు పోవాలి. ర్యామ్ ఒకటే 16 జీబీ స్టిక్కు వద్దు, 8 జీబీవి రెండు అడుగు. రెండు దారుల్లో పనిచేస్తే ప్రాసెసర్‌కు సమాచారం వేగంగా అందుతుంది. కాస్త డబ్బు మిగిలితే పెట్టెలో వచ్చే కూలర్ బదులు ఒంటి టవర్ గాలి కూలర్ పెట్టించు. నీ స్లాబు గదికి అది అవసరమే. నీళ్ల కూలర్ కూడా గది గాలితోనే చల్లబడాలి, పైగా దానికి ఒక పంపు, ఆ పంపుకు ఒక ఆయుష్షు.

ఇక ఆ స్వేచ్ఛ సంగతి. నీకు ఓవర్‌క్లాకింగ్ మీద ఆసక్తి ఉందని నీ ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. దాన్ని చంపుకోమని నేను చెప్పను. అదే బయోస్‌లో, అదే ఓపికతో, ఎదురు దిశలో పనిచేయి. వేగం పెంచడానికి కాక వోల్టేజీ తగ్గించడానికి. ఏ రెండు ప్రాసెసర్లూ ఒకేలా ఉండవు, ఒకే బట్టీలో కాలిన ఇటుకల్లోనే తేడా ఉంటుంది కదా. అందుకే కంపెనీ అన్నిటికీ కాస్త ఎక్కువ వోల్టేజీయే పెట్టి పంపుతుంది. నీ చేతికొచ్చిన దానికి అంత అవసరం లేకపోవచ్చు. ఆ మిగులును వెనక్కి తీసుకుంటే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే ప్రాసెసర్ తన బూస్ట్ వేగాన్ని ఎక్కువసేపు నిలబెట్టుకుంటుంది. మన ఎండల్లో ఇదే నిజమైన ఓవర్‌క్లాకింగ్ అని నా నమ్మకం. పై లెక్కలో వేడి పది శాతం తగ్గిందనుకో. 50 డిగ్రీల అదనం 45 అవుతుంది, మే నెలలో 89 కాస్తా 84 దగ్గర ఆగుతుంది.

చేసే పద్ధతి ఇది. బయోస్‌లో 'ప్రిసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్' కింద 'కర్వ్ ఆప్టిమైజర్' ఉంటుంది. అన్ని కోర్లకూ 'నెగటివ్' ఎంచుకొని 10 అని ఇవ్వు. సేవ్ చేసి విండోస్‌లోకి వచ్చి, ప్రాసెసర్‌ను గట్టిగా పరీక్షించే ప్రోగ్రాములు సినీబెంచ్ ఒక అరగంట, ఓసీసీటీ ఒక గంట నడుపు. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి వేడిని, వేగాన్ని చూస్తూ ఉండు. బాగుంటే 15, ఆ తర్వాత 20. ఎక్కడో ఒకచోట కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది లేదా విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 'హ్వీయా' అనే తప్పు కనిపిస్తుంది. అక్కడి నుంచి ఐదు వెనక్కి వచ్చి ఆగు. వోల్టేజీ మరీ తగ్గితే గట్టి పనిలో కంటే, ఊరికే బ్రౌజర్ తెరిచి కూర్చున్నప్పుడే యంత్రం ఆగిపోతుంది. కాబట్టి పరీక్ష పాసైంది కదా అని సంబరపడకుండా, వారం రోజులు మామూలుగా వాడి చూడు. ఇదంతా పెద్ద పని అనిపిస్తే ప్రాసెసర్ లాగే విద్యుత్తుకు తక్కువ హద్దు పెట్టే 'ఎకో మోడ్' ఒక్కటి పెట్టినా సగం లాభం దక్కుతుంది.

తెర రాకుండా పోతే కంగారు వద్దు. ప్లగ్గు తీసేసి, బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీని ఊడదీసి, ఐదు నిమిషాల తర్వాత పెట్టు. సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి.

మరో రెండు విషయాలు బయోస్‌లోనే ఉన్నాయి. ర్యామ్ పెట్టె మీద 6000 అని ఉన్నా, కొన్నరోజు అది సాధారణంగా 4800తోనే నడుస్తుంది. 'ఎక్స్‌పో' అనేది ఆన్ చేస్తేనే పూర్తి వేగం వస్తుంది. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని వాడుకోకుండా ఏళ్లు గడిపేవాళ్లను ఎందరినో చూశాను. అయితే ముందు బయోస్ అప్‌డేట్ చేయి. 2023లో కొన్ని ఏఎం5 యంత్రాల్లో ఎక్స్‌పో పెట్టినప్పుడు ఎస్ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో ర్యామ్‌తో మాట్లాడే భాగానికి అందేది) హద్దు దాటి ప్రాసెసర్లు దెబ్బతిన్నాయి. ఆ తర్వాతి బయోస్‌లలో దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టారు. ఈ అప్‌డేట్ ఈదురుగాలులు వీచే సాయంత్రం పెట్టుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది. యూపీఎస్ మీద, ఉదయం పూట చేయి.

యూపీఎస్ అన్నాను కాబట్టి చెబుతున్నాను, 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, సుమారు 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డుతో, మానిటర్‌తో కలిపి ఆ అంచుకే వస్తావు. 1000 వీఏది తీసుకో. ఎస్‌ఎంపీఎస్ 550 లేదా 650 వాట్లది, '80 ప్లస్ బ్రాంజ్' గుర్తు, ఐదేళ్ల వారంటీ ఉన్నది చూడు. గది అద్దెది కదా, ఒక పని చేయి. కంప్యూటర్ పెట్టే ముందే సాకెట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించు. క్యాబినెట్ ఎప్పుడైనా చేతికి తగిలి జివ్వుమంటే ఎర్తింగ్ సరిగా లేనట్టే. లేకపోతే ఇంటి ఓనరుతో మాట్లాడి సరిచేయించు. లక్ష రూపాయల యంత్రం కంటే ముందు అది నీ ప్రాణానికి సంబంధించింది.

దుమ్ము సంగతి చెప్పకపోతే మనసొప్పదు. రెండేళ్ల కిందట ఎనుమాముల మార్కెట్ దగ్గర ఇల్లున్న ఒక అబ్బాయి, గేము మొదలుపెట్టిన పది నిమిషాలకే కంప్యూటర్ నత్తలా నడుస్తోందని తీసుకొచ్చాడు. హీట్‌సింక్ మీది ఫ్యాను నాలుగు క్లిప్పులు తీసి చూస్తే, రేకుల మధ్య సందులు కనిపించలేదు. పత్తి నూగు, దుమ్ము కలిసి ఒక చాప అల్లుకున్నాయి. వేలితో ఒక మూల పట్టి లాగితే దుప్పటి ముక్కలా మొత్తం ఒకేసారి ఊడి వచ్చింది. కింద రేకులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. పాత థర్మల్ పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి బిగించాను. ఒక్క రూపాయి భాగం మార్చలేదు, యంత్రం మళ్లీ పరుగందుకుంది. పత్తి వచ్చే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర నెలకోసారి మెత్తని పెయింటు బ్రష్షుతో దులపాలి. బ్లోయర్ పెడితే ఫ్యాను రెక్కను వేలితో పట్టుకో, గాలికి అడ్డదిడ్డంగా తిరిగితే బేరింగు పాడవుతుంది. గోదావరిఖని, మంచిర్యాల వైపు పాఠకులకు బొగ్గు ధూళి ఉంటుంది, అది ఇంకా మొండిది. వేసవిలో గదికి పెట్టుకునే ఎయిర్ కూలర్ తుంపర నేరుగా క్యాబినెట్ మీద పడకుండా పక్కకు తిప్పు. క్యాబినెట్‌ను గోడకు ఆనించకు, వెనక జానెడు ఖాళీ ఉంచు.

ఇంత చెప్పినా వేగం పెంచి చూడాలనే కోరిక మిగిలితే, చలికాలం దాకా ఆగు, గుణకాన్ని ఒక్కో మెట్టు పెంచు, గది వేడిని కాగితం మీద రాసుకో. ఆ రోజు వచ్చిన వేడికి మరో పదిహేడు డిగ్రీలు కలిపి చూసి, అప్పటికీ 95 లోపల ఉంటేనే దాన్ని వేసవికి ఉంచు. రైజెన్‌లో అన్ని కోర్లకూ ఒకే వేగం బిగిస్తే, ఒంటి కోరు తానుగా అందుకునే ఎత్తైన బూస్ట్ పోతుందని మాత్రం మరిచిపోవద్దు. గేములకు పనికొచ్చేది ఆ బూస్టే. ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదు, అది కూడా లెక్కలో వేసుకో.

కొనడానికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, హనుమకొండలో కొన్నా, ప్రాసెసర్ సీల్ ఉన్న పెట్టెలో రావాలి. 'ట్రే' ప్రాసెసర్ అని విడిగా ఇచ్చేది కాస్త చవక. కానీ పెట్టె ప్రాసెసర్‌కు ఉండే మూడేళ్ల కంపెనీ వారంటీ దానికి ఉండదు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు రాయించుకో. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి. నల్లటి మూత తీయించి, ఫోను లైటు ఏటవాలుగా వేసి చూడు. పిన్నుల వరుసలు ఒకే తీరున మెరవాలి, ఎక్కడైనా ఒక్క చుక్క వేరుగా మెరిస్తే అక్కడ పిన్ను వంగి ఉంది. ఆ బోర్డు తీసుకోవద్దు.

ఇంటికొచ్చి మొదటిసారి వెలిగించినప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. బోర్డు కొత్త ర్యామ్‌ను పరిచయం చేసుకుంటోందని అర్థం, కొన్ని నిమిషాలు పట్టవచ్చు. పాడైందనుకొని పవర్ బటన్ నొక్కకు. మీ నాన్నకు ఫోను చేసి కంప్యూటర్ వచ్చిందని చెప్పు, ఆ మాటలు అయ్యేసరికి తెర వెలుగుతుంది.